పని, సంపాదన, నలుగురిలో చోటు: వైకల్యం ఉన్నవారి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లిదండ్రులు, యజమానులు, పొదుపు సంఘాలవాళ్లు, స్వయంగా వైకల్యం ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. కొన్నింటికి కాస్త నిదానంగా కూర్చుని మాట్లాడుకోవాలి.

వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా? ఏ మాట సరైనది?

ఎదుటి మనిషి తన గురించి తాను ఏ మాట వాడుకుంటే అదే సరైనది. తెలియకపోతే అడగండి. ప్రభుత్వ కాగితాల్లో 'దివ్యాంగులు' అనే మాట కనిపిస్తుంది, అందులో గౌరవం ఉందని కొందరికి ఇష్టం. మమ్మల్ని దేవుళ్లను చేయొద్దు, మనుషుల్లా చూస్తే చాలు అని ఆ మాటను వద్దనేవాళ్లూ ఉన్నారు. 'వికలాంగులు' అనే పాత మాటతోనే తమ హక్కుల కోసం పోరాడామని, దాన్ని వదులుకోబోమని ఇంకొందరంటారు. నేను ఇక్కడ 'వైకల్యం ఉన్నవారు' అని రాస్తున్నాను.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండగా, నడకను బట్టో చూపును బట్టో ఇంకో పేరు పెట్టి పిలవడం. ఊరంతా అలా పిలుస్తూ పోతే ఆ మనిషి అసలు పేరు బడి రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా మిగలదు. 'కుంటి సాకు', 'గుడ్డి నమ్మకం', 'చెవిటివాడి ముందు శంఖం' లాంటి మాటలు మన నోట అలవాటుగా వచ్చేస్తాయి. వాటిని వింటూ పెరిగిన పిల్లకు తన శరీరం ఒక తిట్టులా వినిపిస్తుంది. మాట మార్చుకోవడం కష్టమేమీ కాదు.

వైకల్యం అంటే శరీరంలో ఉన్న లోపమే కదా? దానికి సమాజం ఏం చేస్తుంది?

వీల్‌చైర్‌లో ఉన్న వ్యక్తి ఒక ఆఫీసుకు వెళ్లింది అనుకోండి. ముందు 4 మెట్లున్నాయి. ఆమె లోపలికి వెళ్లలేకపోయింది. కారణం ఆమె కాళ్లా, ఆ మెట్లా? పక్క భవనంలో ర్యాంప్ ఉంటే అవే కాళ్లతో ఆమె హాయిగా లోపలికి వెళ్లి పని చూసుకుంది. శరీరం మారలేదు, కట్టడం మారింది.

ఈ ఆలోచనను గట్టిగా ముందుకు తెచ్చింది వైకల్యం ఉన్నవాళ్లే. 1976లో బ్రిటన్‌లో 'వేర్పాటుకు వ్యతిరేకంగా శారీరక వైకల్యం ఉన్నవారి సంఘం' ఒక పత్రం ప్రచురించింది. శరీరంలో ఉన్న లోటు వేరు, ఆ లోటు ఉన్నవారిని సమాజం బయట నిలబెట్టడం వేరు అని అందులో తేల్చి చెప్పారు. తర్వాత 1980ల్లో మైక్ ఆలివర్ అనే పండితుడు దీనికి 'సామాజిక నమూనా' అని పేరు పెట్టాడు. ఆయనా వీల్‌చైర్ వాడేవాడే. నొప్పి, అలసట, వైద్యం అవసరం లేవని దీని అర్థం కాదు. అవి నిజమే. కానీ ఉద్యోగం రాకపోవడానికి, బడికి వెళ్లలేకపోవడానికి, పెళ్లికి పిలవకపోవడానికి నొప్పి కారణం కాదు.

అసలు ఇది ఎంతమందికి సంబంధించిన విషయం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్లమందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. వయసు పెరిగేకొద్దీ చూపు, వినికిడి, నడక తగ్గుతాయి కాబట్టి ఎక్కువ కాలం బతికే ప్రతి కుటుంబానికీ ఇది ఏదో ఒక రోజు సొంత విషయమవుతుంది.

పింఛను ఇస్తే సరిపోదా? ఉద్యోగం చేయాలని ఎందుకు ఒత్తిడి పెట్టడం?

పింఛను కావాలి. అందులో రెండో మాట లేదు. పని చేయలేని స్థితిలో ఉన్నవారికి అది బతుకు ఆధారం. కానీ పింఛను ఉంది కదా అని పని అవకాశం మూసేయడం అన్యాయం. ఎందుకో అర్థం కావాలంటే లెక్క కాస్త వివరంగా చూడాలి.

ఆర్థికవేత్త అమర్త్యసేన్ దీన్ని చాలా స్పష్టంగా చెప్పారు. వైకల్యం ఉన్నవారికి రెండు నష్టాలు ఉంటాయి. మొదటిది అందరికీ కనిపించేది: ఉద్యోగం దొరకదు, దొరికినా జీతం తక్కువ. రెండోది కనిపించదు: చేతికొచ్చిన డబ్బును జీవితంగా మార్చుకోవడానికి వారికి ఎక్కువ ఖర్చవుతుంది. ఇద్దరికి ఒకే జీతం వస్తుందనుకోండి. ఒకరు బస్సెక్కి పనికి వెళ్తారు. ఇంకొకరు బస్సు మెట్టు అందక రోజూ ఆటో మాట్లాడుకోవాలి. వినికిడి యంత్రానికి బ్యాటరీలు, వీల్‌చైర్‌కు టైర్లు, తోడు వచ్చే మనిషికి కూలి, అన్నీ ఆ జీతంలోంచే పోవాలి. ఆదాయం చూసి వీళ్లిద్దరూ సమానమే అని ఎవరైనా అంటే ఆ లెక్క తప్పు. కొద్దిపాటి పింఛను ఈ అదనపు ఖర్చుకే చాలదు, ఇక బతుకు గడవడానికి ఎక్కడ సరిపోతుంది?

డబ్బు సంగతి అలా ఉంచితే, ఇంట్లో జరిగే ఇంకో మార్పు గురించి చెప్పాలి. చాలా ఇళ్లలో గమనించాను. సంపాదన లేనన్నాళ్లూ ఆ మనిషిని ఏ విషయంలోనూ ఎవరూ సంప్రదించరు. తిన్నావా, మందు వేసుకున్నావా అని మాత్రమే అడుగుతారు. మొదటి జీతం వచ్చిన రెండు మూడు నెలలకు, ఈసారి ఇంటి ఖర్చులు ఎలా సర్దుదాం అని అడగడం మొదలవుతుంది. తమ్ముడి చదువు గురించి, ఇంటి రిపేరు గురించి మాటల్లో తననూ కలుపుకుంటారు. నలుగురిలో చోటు అనేది చాలాసార్లు ఇలా ఇంట్లోంచే మొదలవుతుంది. అందుకే సంపాదన, కలుపుకోలు అనే రెండింటినీ నేను విడదీసి చూడలేను.

ఉద్యోగంలో చేరితే పింఛను ఆగిపోతుందని భయం. నిజమేనా?

చాలా దేశాల్లో ఇది నిజమైన భయమే. ఆదాయం ఒక గీత దాటగానే పింఛను, వైద్య సాయం ఒక్కసారిగా ఆగిపోయేలా నిబంధనలు ఉంటే, చిన్న జీతం కోసం ఉన్న ఆధారాన్ని పోగొట్టుకోవడానికి ఎవరూ సాహసించరు. అలాంటివారిని సోమరులు అనడం తప్పు. తప్పు నిబంధనది. ఆదాయం పెరిగేకొద్దీ సాయం మెల్లగా తగ్గాలి. ఉద్యోగం పోతే మళ్లీ దరఖాస్తులు, పరీక్షలు లేకుండా వెంటనే తిరిగి రావాలి. వైద్యానికి, పరికరాలకు ఇచ్చే సాయాన్ని ఆదాయంతో ముడిపెట్టకూడదు. ఉద్యోగం ఒప్పుకునే ముందు మీ ప్రాంతపు నిబంధనలేమిటో రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు.

ముందు బాగా శిక్షణ ఇచ్చి, సిద్ధమయ్యాక ఉద్యోగంలో పెట్టడం మంచిది కదా?

వినడానికి సబబుగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం ఈ 'సిద్ధమయ్యాక' అనేది ఎప్పటికీ రాని రోజు. ఒక శిక్షణ అయ్యాక ఇంకో శిక్షణ, దాని తర్వాత ఇంకో సర్టిఫికెట్. పదేళ్లు గడిచినా మనిషి శిక్షణ కేంద్రంలోనే ఉంటాడు.

దీన్ని తిరగేసిన పద్ధతి ఒకటుంది: ముందు పని, పనిలోనే శిక్షణ. మనిషికి ఏది ఇష్టమో కనుక్కుని, నిజమైన పనిచోట నిజమైన జీతానికి చేర్చి, పక్కన ఉండి నేర్పించే ఒక తోడును కొన్నాళ్లు ఇస్తారు. పని అలవాటయ్యేకొద్దీ ఆ తోడు తగ్గుతూ వస్తుంది, అవసరమైతే మళ్లీ వస్తుంది. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం ఇలాంటి పద్ధతి ఒకటి 1990ల తొలినాళ్లలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో రూపుదిద్దుకుంది. తర్వాత అనేక దేశాల్లో పోల్చి చూసినప్పుడు, 'ముందు శిక్షణ' పద్ధతులతో పోలిస్తే దీనివల్ల దాదాపు రెట్టింపు మంది మామూలు ఉద్యోగాల్లో చేరారని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. బస్సులో వెళ్లడం, టైముకు రావడం, మేనేజరుతో మాట్లాడటం, తోటివాళ్లతో టీ తాగడం ఇవన్నీ తరగతి గదిలో నేర్చుకునేవి కావు.

అమెరికాలో వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం పోరాడిన ఎడ్ రాబర్ట్స్ కథ తెలిస్తే 'సిద్ధంగా లేడు' అనే మాట పట్ల మనకు జాగ్రత్త వస్తుంది. 14 ఏళ్లప్పుడు, 1953లో, పోలియో వచ్చి ఆయనకు మెడ కింది భాగమంతా చచ్చుబడింది. ఊపిరికి కూడా యంత్రం కావాల్సి వచ్చింది. కాలేజీ చదువుకు సాయం అడిగితే, ఇంత వైకల్యంతో ఇతను ఎప్పటికీ ఉద్యోగం చేయలేడు అని కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట కాదంది. పోరాడి సాధించుకుని 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరారు. 1972లో తోటివారితో కలిసి అక్కడ, వైకల్యం ఉన్నవారు తామే నడుపుకునే స్వతంత్ర జీవన కేంద్రం నెలకొల్పారు. 1975లో, తనకు పనికి రాడని ముద్ర వేసిన ఆ శాఖకే డైరెక్టరయ్యారు.

వైకల్యం ఉన్నవారందరినీ ఒకచోట చేర్చి పని ఇచ్చే ప్రత్యేక కేంద్రాలు సురక్షితం కదా?

తల్లిదండ్రుల మనసు నాకు అర్థమవుతుంది. అక్కడ ఎవరూ ఎగతాళి చేయరు, పగలంతా బిడ్డ ఎవరో ఒకరి కంటి ముందు ఉంటుంది. కానీ కొన్ని ప్రశ్నలు వేయండి. చట్టప్రకారం కనీస వేతనం ఇస్తున్నారా? అక్కడ నుంచి బయటి ఉద్యోగానికి గత ఏడాది ఎంతమంది వెళ్లారు? నిర్వహణలో వైకల్యం ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? ఏళ్ల తరబడి ఒకే పని, చేతికి నామమాత్రపు డబ్బు, బయటికి దారి లేదు అంటే అది ఉద్యోగం కాదు. ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల కమిటీ 2022లో ఇచ్చిన వివరణలో, ఇలా వేరు చేసి నడిపే కేంద్రాలను పని హక్కు అమలు కింద లెక్కించకూడదని స్పష్టంగా చెప్పింది. వైకల్యం ఉన్నవారు తామే కలిసి, తామే యజమానులుగా నడుపుకునే సహకార సంఘం సంగతి వేరు. అక్కడ లాభమూ నిర్ణయమూ వారివే.

నాది చిన్న సంస్థ. వైకల్యం ఉన్నవారిని తీసుకుంటే ఖర్చు భరించగలనా?

ఖర్చు గురించి మనసులో ఉండే బొమ్మకూ, నిజానికీ చాలా దూరం. అమెరికాలో 1983 నుంచి యజమానులకు ఉచిత సలహాలిచ్చే ఒక ప్రభుత్వ సేవ ఉంది. దాని సర్వేల్లో సుమారు సగం సర్దుబాట్లకు అసలు ఖర్చే కాలేదని యజమానులు చెప్పారు. మిగతావాటిలో ఎక్కువభాగం ఒక్కసారి పెట్టి మర్చిపోయే చిన్న ఖర్చులే.

సర్దుబాటు అనగానే లిఫ్టు కట్టించడం గుర్తొస్తుంది. నిజానికి ఎక్కువగా కావాల్సినవి చిన్నవి. డయాలసిస్‌కు వెళ్లే మనిషికి వారంలో రెండు రోజులు షిఫ్టు మార్చడం. ఎక్కువ శబ్దం తట్టుకోలేని అమ్మాయికి మూల సీటు. నోటితో చెప్పిన పనులు మర్చిపోయే వ్యక్తికి అవే పనులు కాగితం మీద బొమ్మలతో రాసివ్వడం. టేబుల్ కింద నాలుగు చెక్కముక్కలు పెట్టి ఎత్తు పెంచితే వీల్‌చైర్ లోపలికి దూరుతుంది.

ఏం కావాలో మీరే ఊహించి కొనేయకండి. మనిషిని అడగండి. తన శరీరంతో పుట్టినప్పటి నుంచి లేదా ఏళ్లుగా బతుకుతున్న మనిషికి మీకన్నా బాగా తెలుసు.

ఒకరికి ప్రత్యేకంగా సర్దుబాటు చేస్తే మిగతా ఉద్యోగులకు అన్యాయం కాదా?

మీ ఆఫీసులో కుర్చీలు, లైట్లు, ఫ్యాన్లు ఎవరికోసం? అవన్నీ నడిచే, చూసే, వినే మనుషుల కోసం ముందే చేసిన సర్దుబాట్లు. చూపు లేని మనిషికి లైటు అక్కర్లేదు, అయినా ఆ కరెంటు బిల్లు గురించి ఎవరూ మాట్లాడరు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వైకల్యం ఉన్నవారి హక్కుల ఒప్పందం ప్రకారం, సంస్థకు మోయలేని భారం కానంతవరకు ఇలాంటి సర్దుబాటు చేయకపోవడమే వివక్ష.

ఇంటర్వ్యూలో ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు?

పని గురించి అడగండి. "ఈ పని మీరు ఎలా చేస్తారు? మా వైపు నుంచి ఏమైనా ఏర్పాటు కావాలా?" అనేవి మంచి ప్రశ్నలు. "ఇలా ఎప్పుడు అయింది? పుట్టుకతోనా? పెళ్లయిందా? ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" ఇవి పనికి సంబంధం లేనివి. ఇంకొకటి: తోడుగా వచ్చిన అన్నయ్యతోనో అమ్మతోనో మాట్లాడి అభ్యర్థిని పక్కన కూర్చోబెట్టకండి. అనువాదకుడు ఉన్నా సరే, అభ్యర్థి ముఖం చూసే మాట్లాడండి.

చూపు లేనివారు కంప్యూటర్ మీద పని ఎలా చేస్తారు?

స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీదున్నదాన్ని చదివి వినిపిస్తుంది, లేదా బ్రెయిలీ పరికరానికి పంపుతుంది. మౌస్ లేకుండా కీబోర్డుతోనే అన్నీ చేస్తారు. అలవాటైనవారు వినే వేగం మనకు ఒక్క ముక్క కూడా అర్థం కానంత ఎక్కువ. ఒకప్పుడు ఈ సాఫ్ట్‌వేర్లు చాలా ఖరీదు. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు మైఖేల్ కర్రన్, జేమ్స్ టే కలిసి ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను తయారుచేశారు. 2006లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ ఈ రోజు తెలుగు కూడా చదువుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లం మనం చేయాల్సింది ఒకటుంది. యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌సైట్లలో మామూలుగా వాడే టైపు పద్ధతి) కాని, అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును స్క్రీన్ రీడర్ చదవలేదు. అర్థం లేని అక్షరాలు పలుకుతుంది. నోటీసును ఫొటో తీసి గ్రూపులో పెట్టినా చాలాసార్లు చదవలేదు. ఉద్యోగ ప్రకటన, దరఖాస్తు ఫారం, పాఠం, ఆహ్వానం ఏదైనా యూనికోడ్‌లో టైపు చేసి పెట్టండి. ఫొటో పెట్టాల్సి వస్తే అందులో ఏముందో కింద రెండు లైన్లు రాయండి. పైసా ఖర్చు లేని ఈ అలవాటు లేకపోవడం వల్ల ఎంతమంది దరఖాస్తు గడువులు పోగొట్టుకున్నారో తలచుకుంటే బాధగా ఉంటుంది.

వినపడనివారితో కలిసి పనిచేయడం కష్టం కాదా?

మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, రెండు వైపులా. తర్వాత అలవాటవుతుంది. సంజ్ఞా భాష అంటే చేతులు ఊపడం అనుకుంటారు చాలామంది. దానికి సొంత వ్యాకరణం ఉంది. 1960లో విలియం స్టోకీ అనే భాషావేత్త అమెరికన్ సంజ్ఞా భాష మీద చేసిన పరిశోధన ఈ సంగతిని లోకానికి చూపించింది. ఒక్కో చోట ఒక్కో సంజ్ఞా భాష ఉంటుంది, ప్రపంచమంతటికీ ఒకటే కాదు.

పనిచోట అందరూ 40, 50 సంజ్ఞలు నేర్చుకుంటే రోజువారీ పని సాగిపోతుంది. ముఖ్యమైన మీటింగులకు అనువాదకుడిని పిలవండి. సైరన్‌తోపాటు వెలిగి ఆరే లైటు పెట్టండి, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. అందరికీ పెదవుల కదలిక చదవడం వస్తుందనుకోవద్దు. అలాగే రాసి చూపిస్తే చాలనుకోవద్దు. సంజ్ఞా భాషలో పెరిగినవారికి రాత భాష రెండో భాష కావచ్చు.

మేధో వైకల్యం ఉన్నవారు, అంటే నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం కష్టంగా ఉండేవారు, నిజంగా ఉద్యోగం చేయగలరా?

చేయగలరు, చేస్తున్నారు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ చేసి చూపిస్తూ, తొందరపెట్టకుండా నేర్పాలి. నేర్చుకోవడానికి సమయం పడుతుంది. చాలామంది నేర్చుకున్నాక ఆ పనిని శ్రద్ధగా చేస్తారు. తరచూ ఎదురయ్యే సమస్య పనిలో ఉండదు, పని మధ్యలో ఉంటుంది: భోజనాల వేళ ఒంటరిగా కూర్చోవడం, కొత్త సూపర్‌వైజరు రావడం, షిఫ్టు అకస్మాత్తుగా మారడం. తోటి ఉద్యోగుల్లో ఒకరు కాస్త చనువుగా ఉంటే వీటిలో చాలావరకు సర్దుకుంటాయి.

చట్టంలో కోటా పెడితే సమస్య తీరుతుందా?

తలుపు తెరుచుకుంటుంది. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో జర్మనీలో 5 శాతం, ఫ్రాన్స్‌లో 6 శాతం ఉద్యోగాలు వైకల్యం ఉన్నవారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే నిధికి డబ్బు కట్టాలి. ఆ నిధిని వారి ఉపాధికే ఖర్చుపెడతారు. చాలా కంపెనీలు డబ్బు కట్టి ఊరుకుంటాయన్నది నిజమే. అయినా కోటా వద్దని నేననను. కానీ కోటాలో చేరిన మనిషికి పదోన్నతి ఉందా, అసలైన పని ఇస్తున్నారా, లేక జీతం ఇచ్చి మూలన కూర్చోబెడుతున్నారా అన్నది చట్టం ఒక్కటే చూడలేదు.

సొంతంగా వ్యాపారం పెట్టుకోవాలంటే అప్పు పుడుతుందా?

ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. బ్యాంకు ఉద్యోగి తిరిగి కట్టలేరని ముందే అనుకుంటాడు. పొదుపు సంఘంలో చేర్చుకుంటే ఒకరి అప్పు మనమీద పడుతుందని సభ్యులు జంకుతారు. ఇంట్లోవాళ్లు నీకెందుకీ టెన్షన్ అంటారు. ఇన్నిసార్లు వద్దు వద్దు అని విన్నాక ఆ మనిషే అడగడం మానేస్తుంది. ఈ చివరిదే అన్నిటికన్నా లోతైనది. ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందంలోని 12వ అధికరణం ఆస్తి కలిగి ఉండటానికి, సొంత డబ్బు వ్యవహారాలు చూసుకోవడానికి, బ్యాంకు అప్పు పొందడానికి అందరితో సమాన హక్కు ఉందని చెబుతోంది. సంతకం పెట్టలేరనో, చూపు లేదనో ఖాతా ఇవ్వకపోవడం ఆ హక్కును కాలరాయడమే.

వైకల్యం ఉన్నవారితో విడిగా సంఘం పెట్టడం కన్నా, ఉన్న సంఘాల్లోనే ఇద్దరు ముగ్గురిని చేర్చడం నాకు మెరుగనిపిస్తుంది. అప్పుతోపాటు పరిచయాలు వస్తాయి. సరుకు ఎక్కడ చౌక, ఎవరు బాకీ ఎగ్గొడతారు అన్న కబుర్లు వస్తాయి. వ్యాపారం నడిచేది ఆ కబుర్లతోనే. అయితే ముందు ధైర్యం కూడగట్టుకోవడానికి తమలాంటివారితో కలిసే ఒక గుంపు కూడా కావాలి. రెండూ అవసరమే.

ఏ వ్యాపారం అనేది కూడా ఆలోచించండి. చూపు లేదంటే కొవ్వొత్తులు, నడవలేరంటే కుట్టుమిషను అని వైకల్యాన్ని బట్టి పని అంటగట్టే అలవాటు పోవాలి. ఆ వీధిలో ఏది అమ్ముడవుతుంది, ఆ మనిషికి ఏది ఇష్టం, ఈ రెండే చూడండి. ఇప్పటికే ముగ్గురు కుట్టుపని చేస్తున్నచోట నాలుగో మిషను ఇవ్వడం సాయం కాదు.

మేం ర్యాంప్ కట్టాం. ఇంకా ఎవరూ రావడం లేదెందుకు?

ముందు ఆ ర్యాంప్ కొలవండి. 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే అది ఎక్కడానికి కాదు, జారి పడటానికి. పైన మలుపు తిరగడానికి చోటుందా? తలుపు వెడల్పు కనీసం 80 సెంటీమీటర్లుందా? బాత్రూమ్ లోపలికి వీల్‌చైర్ వెళ్తుందా? బాత్రూమ్ లేని చోటికి రావాలంటే ఉదయం నుంచి నీళ్లు తాగకుండా ఉండాలి. ఎంతోమంది మహిళలు రోజూ అదే చేస్తున్నారు. ఆ ర్యాంప్ దాకా రావడానికి రోడ్డు, బస్సు ఉన్నాయా?

అవన్నీ ఉన్నా రాకపోతే, పిలిచారా అని అడుగుతాను. గేటు తెరిచి ఉంచడం, ఇంటికి వెళ్లి బొట్టుపెట్టి పిలిచినంత ఆప్యాయంగా పిలవడం ఒకటి కాదు. ఏళ్లుగా గుమ్మం దాటని మనిషి ఒక్క నోటీసు చూసి రారు. ఒకరు వెళ్లాలి, రెండుసార్లు వెళ్లాలి, వచ్చాక చేయడానికి ఏదైనా బాధ్యత ఇవ్వాలి. కమిటీలో సభ్యత్వమో, లెక్కలు రాసే పనో, పాటల పోటీకి జడ్జిగానో. ప్రేక్షకుల్లో ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పడం బాధ్యత కిందికి రాదు.

వైకల్యం ఉన్న ఆడవాళ్ల పరిస్థితి వేరుగా ఉంటుందా?

ఉంటుంది. బడికి పంపాలన్నా, పరికరం కొనాలన్నా కొడుకు తర్వాతే కూతురు. బయటికి పంపితే ఏమవుతుందోనన్న భయంతో ఇంట్లోనే ఉంచేస్తారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, వారిపై హింస నిజంగానే ఎక్కువ. కానీ ఇంట్లో బంధించడం దానికి మందు కాదు. సొంత డబ్బు, సొంత ఫోను, ఇంటి బయట నమ్మకమైన ఇద్దరు స్నేహితురాళ్లు, ఈ మూడూ ఉన్న అమ్మాయికి కష్టం వస్తే చెప్పుకునే దారి ఉంటుంది.

దారిలో కనిపిస్తే సాయం చేయాలనిపిస్తుంది. ఎలా చేయాలి?

"ఏమైనా సాయం కావాలా?" అని అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. వద్దంటే వదిలేయండి. చెప్పకుండా వీల్‌చైర్ తోయడం, చేయి పట్టుకుని రోడ్డు దాటించేయడం వద్దు. చూపు లేని మనిషికి మీ మోచేయి అందించండి, వారే పట్టుకుంటారు.

మా తర్వాత మా బిడ్డ ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఏ తల్లి గొంతూ మామూలుగా ఉండదు. తేలిక జవాబు ఇవ్వడం నాకు చేతకాదు. కానీ కొన్ని సంగతులు చెప్పగలను.

చాలామంది తల్లిదండ్రులు డబ్బు దాచడం మీదే దృష్టి పెడతారు. డబ్బు కావాలి. కానీ డబ్బు ఒక్కటే ఉండి చుట్టూ మనుషులు లేకపోతే, ఆ డబ్బే బిడ్డకు ప్రమాదం. అందుకే మీరు ఉండగానే, మీకు ఓపిక ఉండగానే, మీ బిడ్డకు సొంత పరిచయాలు ఏర్పడాలి. మీ స్నేహితులు కాదు, తన స్నేహితులు. పనిచోట ఇద్దరు, వీధిలో ఒకరు, వరసకు తమ్ముడో చెల్లో ఒకరు. నాలుగు రోజులు కనిపించకపోతే ఏమైంది అని తలుపు తట్టేవారు. ఇలాంటి పరిచయాలు ఇంట్లో కూర్చుంటే కలగవు. పనికి వెళ్తేనే, నలుగురిలో తిరిగితేనే కలుగుతాయి.

రెండోది నిర్ణయాలు. ఏ చొక్కా వేసుకోవాలో, ఏం తినాలో కూడా 30 ఏళ్లు మీరే నిర్ణయించి, ఒక రోజు హఠాత్తుగా వెళ్లిపోతే తనేం చేయాలి? చిన్నవాటితో మొదలుపెట్టండి. వారానికి కొంత డబ్బు చేతికివ్వండి. పాడుచేస్తే చేయనివ్వండి, మనమూ అలాగే నేర్చుకున్నాం. పెద్ద విషయాల్లో, తన తరఫున నిర్ణయం చేసేవారిని పెట్టడం కన్నా, విషయం అర్థమయ్యేలా చెప్పి నిర్ణయం తననే చేయనిచ్చే తోడును పెట్టడం మంచిది. 'తోడుతో నిర్ణయం' అనే ఈ దారిని ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 12వ అధికరణం ఆధారంగా చాలా దేశాలు ఇప్పుడిప్పుడే చట్టాల్లోకి తెస్తున్నాయి.

మూడోది, ఎక్కడ ఉండాలి అన్నది. అదే ఒప్పందంలోని 19వ అధికరణం ప్రకారం ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వైకల్యం ఉన్నవారిది. హాస్టలో, ఆశ్రమమో ఒక్కటే దారి అనుకోకండి. రోజుకు కొన్ని గంటలు వచ్చే సహాయకుడితో సొంత ఇంట్లో ఉండేవారున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకున్నవారున్నారు. మీరు బాగున్నప్పుడే నెలకు రెండు రాత్రులు మీరు లేకుండా గడిపి చూడమనండి. ఏది వచ్చు, ఏది రాదు అప్పుడే తెలుస్తుంది. మీకూ ధైర్యం వస్తుంది.

వైకల్యం నాకే ఉంది. ఇప్పటిదాకా పని చేయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక కాగితం తీసుకోండి. మీరు ఇంట్లో, బయట ఇప్పటికే చేస్తున్న పనులన్నీ రాయండి. పిల్లలకు లెక్కలు చెప్పడం, ఫోన్లు బాగుచేయడం, మందుల టైములు గుర్తుపెట్టుకోవడం, ఏదైనా సరే. మీకు రాయడం కుదరకపోతే ఫోనులో చెప్పి రికార్డు చేయండి. దాని కింద, పని చేయడానికి మీకు ఏ ఏర్పాటు కావాలో రాయండి: ఎంతసేపు కూర్చోగలరు, ఎలాంటి తెర కావాలి, ఏ వేళ మీకు ఓపిక ఎక్కువ. యజమాని అడిగినప్పుడు తడబడకుండా చెప్పడానికి ఇది పనికొస్తుంది.

తర్వాత మీలాంటి వైకల్యంతోనే ఉద్యోగం చేస్తున్న ఒక్కరినైనా వెతికి మాట్లాడండి. వైకల్యం ఉన్నవారే నడిపే సంఘాల్లో ఇలాంటివారు దొరుకుతారు. ఏ బస్సు ఎక్కాలి, ఏ సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది, ఏ మేనేజరు మంచివాడు, మొదటి నెల ఎంత అలసటగా ఉంటుంది, ఇవన్నీ వాళ్లు చెబుతారు. వాళ్లతోపాటు ఒక రోజు వాళ్ల పనిచోటికి వెళ్లి చూడగలిగితే ఇంకా మంచిది. దరఖాస్తు ఆ మర్నాడు రాయండి.